నిమిషానికి అరవై

ముందు చేతి గడియారం ఆగిపోయింది. రెండడుగులు వేసేసరికి చెవిలో వినిపిస్తున్న వార్తలు సగం మాటలో తెగాయి. ఆ వెంటనే ఒంటిమీది వెచ్చకోటు చల్లబడి ఉత్త గుడ్డ అయిపోయింది. తాయారు నడిరోడ్డు మీద నిలబడి, చెయ్యి విదిలించి గడియారాన్ని మళ్లీ చూసుకుంది.

“ఇదేమిటండీ, అన్నీ ఒక్కసారే చచ్చాయి!”

“చావలేదమ్మా, గీత దాటినాము,” అన్నాడు ముందు సైకిల్‌బండి తోసుకుంటూ పోతున్న మస్తాన్‌వలి. రోడ్డుకు అడ్డంగా సున్నం కొట్టిన రాళ్ల వరస చూపించాడు. “ఆ పక్క మీ గాలికరెంటు. ఈ పక్క మా కరెంటుచాటు. వెనక్కి రెండడుగులు వేస్తే అన్నీ లేచి కూచుంటాయి, కావాలంటే చూసుకో.”

తాయారు నిజంగానే వెనక్కి వేసి చూసింది. గడియారం కదిలింది, వార్తలు మొదలయ్యాయి. ముందుకొచ్చింది. ఆగిపోయాయి. ముప్పై నాలుగేళ్ల మనిషి, చదువుకున్న మనిషి, ఆ రాళ్ల మీదుగా నాలుగుసార్లు అటూ ఇటూ దాటింది. మస్తాన్‌వలి నవ్వాపుకున్నాడు. వచ్చిన ప్రతివాళ్లూ ఇదే చేస్తారు మరి.

కాగితాల్లో దాని పేరు ప్రసారవిద్యుత్తు. జనం నోట్లో గాలికరెంటు. ఊరూరా నిలబెట్టిన స్తంభాల నుంచి కరెంటు గాలిలోనే వచ్చి వస్తువుల్లో చేరుతుంది. తీగలు పోయాయి, ప్లగ్గులు పోయాయి, బ్యాటరీలు మ్యూజియంలకెక్కాయి. తాయారు పుట్టేనాటికే వస్తువులకు నొక్కి ఆపే బొడిపెలు లేవు. ఎప్పుడు మొదలవ్వాలో ఎప్పుడు ఊరుకోవాలో వస్తువే చూసుకునేది. మనిషి తన చేత్తో ఆపాల్సిందంటూ ఇంట్లో ఏదీ మిగల్లేదు.

పోగొట్టుకున్నది ఒక్కటే, ఆకాశం. స్తంభాల చుట్టూ గాలి సన్నగా వెలుగుతుంది గనక రాత్రుళ్లు ఆకాశం పలచని మజ్జిగలా ఉంటుంది. చుక్కలు కనబడవు. దానికీ ఉపాయం కనిపెట్టారు. డాబా డాబాకీ ఒక ఆకాశఫలకం! చీకటి పడగానే దానిమీద గ్రహాలూ చుక్కలూ లెక్కప్రకారం వచ్చి కూర్చుంటాయి. కర్నూలులో ఆ ఫలకాలకు బొమ్మలు గీసే ఆఫీసులోనే తాయారు ఉద్యోగం.

ఈమధ్య ఆమె గీసిన తోకచుక్కను ఊరంతా మెచ్చుకుంది. జరీపోగులా తిన్నటి తోక. మెచ్చుకున్నకొద్దీ ఆమెకు అనుమానం పట్టుకుంది. సూర్యుడి పక్కనుంచి అంత దగ్గరగా దూసుకొచ్చినదాని తోక నిజంగా ఇంత తిన్నగా ఉంటుందా? అంతరిక్షంలోని పెద్ద దూరదర్శినులు సూర్యుడి వైపు కన్నెత్తి చూడవు, చూస్తే వాటి కళ్లే పోతాయి. నేలమీది నుంచి చూద్దామంటే మజ్జిగ ఆకాశం. “మనం గీసిందే కదమ్మా అందరూ చూసేది! ఇంకెవరొచ్చి సరిపోల్చుకుంటారు?” అన్నాడు పై అధికారి. ఆ మాట విన్నప్పటి నుంచీ తాయారుకు నిద్ర లేదు. లక్షలమంది డాబాలెక్కి పిల్లలకు వేలు పెట్టి చూపిస్తున్నది తన ఊహేనేమో! మూడు వారాలుగా మబ్బులు. ఇవాళే తెరిపిచ్చింది. ఇవాళ దాటితే తోకచుక్క కొండల వెనక్కి దిగిపోతుంది, మళ్లీ నాలుగువేల ఏళ్లకు గాని రాదు. పొద్దుగూకాక నలభై నిమిషాలు. ఉన్నదల్లా అంతే.

గాలికరెంటు లేనిచోట కెమెరా నడవాలంటే బ్యాటరీ కావాలి. పాత కార్లలోని బ్యాటరీ సెల్లులను ఏరి, పరీక్షించి, జతకట్టి పెట్టెలు చేసే మనిషి ఈ చుట్టుపక్కల మస్తాన్‌వలి ఒక్కడే. అరవై దాటాయి, చేతివేళ్లు మాత్రం కంసాలి వేళ్లు. నిన్న సాయంత్రం గీత పక్కనున్న సత్రానికి ఒక పెట్టె తెచ్చిచ్చాడు. ఈ పని కోసం బ్యాటరీతోనే నడిచేలా మార్పించుకున్న సామానంతా తాయారు దానికి తగిలించి చూసుకుంది. కెమెరా పలికింది. చుక్కల వెంట కెమెరాను తిప్పే అనుసరణి తిరిగింది. అద్దానికి మంచు పట్టకుండా కాచే మంచుపట్టీ వెచ్చబడింది. అన్నీ బాగున్నాయనుకుని నిశ్చింతగా పడుకుంది.

గీత దాటి వాళ్లెక్కిన కొండమీద రెండు రేకుల కొట్టాలున్నాయి. ఒకటి తాయారుకు. రెండోదాని ముందు నులకమంచం మీద ఎనభై దాటిన ఒక అవ్వ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె ఛాతీకి అడ్డంగా ఒక వెడల్పాటి పట్టీ, దాన్నుంచి ఒక తీగ, ఆ తీగ చివర మంచం కింద మస్తాన్‌వలి చేసిన పెట్టె. పక్కనే ఆమె కూతురు, యాభై ఏళ్ల మనిషి, మూడు రాళ్ల పొయ్యి మీద ఉప్పు వేయిస్తోంది, తల్లి మోకాళ్లకు కాపడం పెట్టడానికి.

“మీరూ తోకచుక్క కోసమే వచ్చారా అవ్వా?” అని పలకరించింది తాయారు.

“ఈపొద్దు తోకచుక్క ఉండాదా? మాకు తెల్దే!” అవ్వ కళ్లు పెద్దవి చేసింది. “మేము వేరే పనిమీద వచ్చినాములే పాపా. ఉంటే సూస్తాము, సూస్తే ఏం పోయె? నా పేరు చౌడమ్మ. ఇది నా కూతురు నాగరత్న. మూతి ముడుచుకోని ఉండాదని ఏమనుకోవద్దు, మంచిదే.”

“ఈ పట్టీ ఏమిటవ్వా?”

“ఇదా? నా గుండెకు తిండి.”

ముప్పై ఏళ్ల కిందట చౌడమ్మ గుండె లయ తప్పితే లోపల లయగుళిక పెట్టారు. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది. నిమిషానికి అరవైసార్లు గుండెను తట్టి నడిపిస్తుంది. గాలికరెంటు ఉన్నచోట దానికి తిండి గాలిలోనే దొరుకుతుంది. ఇక్కడ ఈ పెట్టెలోంచి పట్టీ గుండా లోపలికి పంపాలి. దేశంలో సగంమంది ముసలివాళ్లకు గుళికలున్నాయి. అలాంటివాళ్లు గీత దాటకూడదని రూలు కూడా ఉంది. మరి ఈవిడెందుకు దాటినట్టు? అడుగుదామనుకుంది గాని, పొద్దు వాలుతోంది. తాయారు సామాను విప్పడానికి పరుగెత్తింది.

కెమెరా నిలబెట్టింది. అనుసరణి బిగించింది. మస్తాన్‌వలి పెట్టె మూతెత్తి, లోపలి ముల్లు చూసి, వేలితో తట్టి, మళ్లీ చూశాడు.

“ఏంది తల్లీ ఇది? నిండా పోసి ఇచ్చినానే! పదోవంతు కూడా లేదే! రాత్రంతా ఆపలేదా?”

“ఆపడమా?”

“మంచుపట్టీ ఇంకా కాలతానే ఉండాది, సూడు! నిన్నట్నుంచీ ఇది కాగుతాంటే, అది తిరుగుతాంటే, పెట్టెలో ఏం మిగులుతాది? పక్కన బొడిపె పెట్టినాను కదమ్మా, ఇంత లావుది. ఎందుకనుకున్నావు దాన్ని?”

“అలంకారమనుకున్నాను,” అంది తాయారు.

మస్తాన్‌వలి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఆమెను తిట్టి లాభం లేదు. ఏ వస్తువునూ జన్మలో ఆపి ఎరగని మనిషి. నిజానికి రాత్రి చలికి ఆమె ఆ వెచ్చని పట్టీ మీద చెయ్యి వేసుకుని హాయిగా నిద్రపోయింది కూడా. ఆ సంగతి గుర్తొచ్చి తాయారుకు ఏడుపొచ్చింది. మూడు బస్సులు మారి, సెలవు పెట్టి, అందరిచేతా నవ్వించుకుని వస్తే ఇంత చేతకాని పని చేస్తుందా మనిషి!

“ఇంకో పెట్టె లేదా?”

“ఉండేవి రెండే. ఒకటి నీకు, ఒకటి చౌడమ్మక్కకు.”

తాయారు చూపు తిన్నగా నులకమంచం కిందికి పోయింది. ఆశ మనిషిని ఎంతపనైనా చేయిస్తుంది. వెళ్లి నాగరత్న ముందు నిలబడింది. “అక్కా, మీ పెట్టెలోంచి ఒక్క గంటకు సరిపడా ఇస్తారా? అవ్వకు తెల్లారేదాకా చాలినంత ఉంచుకునే ఇవ్వండి.”

నాగరత్న చేతిలోని గరిటె ఆగింది. “ఏమ్మా, నీకు బుద్ధుండాదా? అది మాయమ్మ గుండె. నీ బొమ్మకోసం మాయమ్మ గుండెలో గంట కోసియ్యమంటావా? మాకు ఉండేది ఈ ఒక్క రాత్రి!” అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాయారుకు అప్పుడర్థమైంది. వీళ్ల ‘వేరే పని’ ఏమిటో తెలిసి, మంచం కింది పెట్టె మీంచి చూపు తిప్పుకుంది.

“దాన్నెందుకు అరుస్తావే? దానికేం తెలుసు,” అంది చౌడమ్మ. “రా పాపా, కూచో. మా ఇంటాయనకీ ఈ గుళికే ఉండె. మాట పోయె, తెలివి పోయె, కడాకు మనుషుల్ని గుర్తుపట్టేది కూడా పోయె. ఈ గుళిక మాత్రం టకటకమని కొడతానే ఉండె. ఏడు నెలలు! డాక్టర్లను కాళ్లు పట్టుకుని అడిగితి, ఆపండయ్యా అని. ఆపేదానికి దీనికి బొడిపె పెట్టలేదు తల్లీ, మేమేం చేసేది అనిరి. ఎందుకు పెట్టలేదంటే, ఆపాల్సి వస్తాదని ఎవరూ అనుకోలేదంట. ఆయన్ని ఈడికి తెచ్చేంత ధైర్యం నాకు లేకపోయె. ఇప్పుడు నాకూ మాటలు తప్పిపోతాండాయి. తెలివుండంగానే నా కాళ్లతో నేనే వస్తి. తెల్లారినాక పట్టీ తీసెయ్యమన్నా నా కూతుర్ని. అంతే సంగతి.”

స్తంభాలు నిలబెట్టినవాళ్లూ గుళిక చేసినవాళ్లూ గొప్పవాళ్లే, కాదనడానికి లేదు. లక్షలమందిని బతికించారు. బతుకు చివర ఒక బొడిపె కావాల్సి వస్తుందన్న ఆలోచన మాత్రం వాళ్లకు రాలేదు. అందుకే రూలున్నా సరే జనం ఇలా చాటుగా ఈ కొండకు వస్తున్నారు. మస్తాన్‌వలి పెట్టెలు ఎక్కువగా కొనేది చుక్కల బొమ్మలు తీసేవాళ్లు కాదని తాయారుకు ఇవాళ తెలిసింది.

“తప్పైపోయిందవ్వా,” అంది. “నేను అడగకుండా ఉండాల్సింది.”

“అడిగితే తప్పేముంది? ఇయ్యకుంటే నాదే తప్పు. ఏం మస్తానూ, కరెంటు లేకుండా ఈ పాప పని కాదా?”

మస్తాన్‌వలి గడ్డం గోక్కున్నాడు. “కెమెరా ఒక్కటీ తాగేది తక్కువే అక్కా. ఈ పదోవంతు దానికి సరిపోతాది. తాగేదంతా మంచుపట్టీ, అనుసరణి. ఆ రెండూ ఆపేస్తే...”

“ఆపేస్తే చుక్కలు గీతలైపోతాయండీ. భూమి తిరుగుతోంది కదా! కెమెరా చుక్కల వెంట తిరగకపోతే ఎట్లా?”

“చేత్తో తిప్పాల. తలుపుబల్ల ఉండాది నా దగ్గర.”

కొట్టంలోంచి తెచ్చాడు. రెండు చెక్కలు, వాటిని కలిపే తలుపు బందు, మధ్యలో ఒక మరమేకు. మేకు తిప్పితే పై చెక్క సన్నగా లేస్తుంది, దానిమీద బిగించిన కెమెరా కూడా. మేకు నిమిషానికి సరిగ్గా ఒక్క చుట్టు తిరిగితే భూమి పరుగుకు సరిపోతుంది. మేకు తలకు అరవై పళ్ల చక్రం పెట్టాడు, ఒక్కో పన్ను దాటినప్పుడల్లా వెదురుపేడు టిక్కుమంటుంది.

“సెకనుకొక పన్ను. అట్లయితే చుక్క చుక్కలాగా వస్తాది. చిక్కేమంటే, సెకను ఎవరు చెప్పాల? నేను నోటితో లెక్కపెట్టి తీస్తి, అన్నీ వంకర గీతలే. మనిషి లెక్క పరిగెత్తుతాది.”

తాయారు అలవాటుగా చేతి గడియారం చూసుకుంది. ఆగి ఉంది. కెమెరాకూ సొంత గడియారం లేదు. కాలం కూడా ఇన్నాళ్లూ గాలిలోనుంచే వచ్చేదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

చౌడమ్మ చెయ్యి చాపింది. “నాడి పట్టుకో. ముప్పై ఏళ్లుగా నిమిషానికి అరవై. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. పట్టుకో పాపా, ఇది నీకు ఇచ్చినా నాకు తగ్గేది కాదు.”

నాగరత్న తల్లిని చూసింది, తాయారును చూసింది. వేడి ఉప్పును గుడ్డలో మూటకట్టి తెచ్చి, “మంచు పడకుండా ఉండాలంటిరే, ఇది కట్టండి కెమెరా గొట్టానికి. మోకాళ్లకు మళ్లీ వేయిస్తాలే,” అని అద్దం పక్కన తనే కట్టింది.

తాయారు పెట్టె దగ్గర వంగి, ఆ లావుపాటి బొడిపెను నొక్కింది. అనుసరణి మూలుగు ఆగింది. మంచుపట్టీ మెల్లగా చల్లబడింది. తన చేత్తో ఒక వస్తువును ఆపడం ఆమె బతుకులో అదే మొదలు. ఏదో తప్పుచేసినట్టు చుట్టూ చూసింది. కెమెరా తీగ ఒక్కటే మళ్లీ తగిలించింది.

పొద్దుగూకింది. పడమట ఎరుపు తగ్గి నీలం చిక్కబడింది. అందరికంటే ముందు నాగరత్నే చూసింది. “అమ్మా, అదేనేమో!” కొండ అంచుకు నాలుగు వేళ్లెత్తున, తడిచేత్తో అలికినట్టు తెల్లటి చార. తాయారు రెండు నెలలు గీసింది, ఒక్కసారీ చూడలేదు దాన్ని.

“నాకు మసకగా ఉండాది. నీ కెమెరా చూసి చెప్పల్ల,” అంది చౌడమ్మ.

తాయారు మంచం పక్కన నేలమీద కూర్చుని, ఎడమచేత్తో అవ్వ మణికట్టు పట్టుకుంది. కుడిచెయ్యి చక్రం మీద. మస్తాన్‌వలి కెమెరా మూత తీశాడు. నాడి తట్టింది, టిక్. నాడి తట్టింది, టిక్. నూట ఇరవై లెక్క పూర్తయ్యాక మూత మూశాడు. చిన్న తెరమీద బొమ్మ వచ్చింది. చుక్కలు ఆవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి!

రెండు, మూడు, నాలుగు. చీకటి పెరిగేకొద్దీ తోక పొడుగైంది. ఐదో బొమ్మ చూసి తాయారు కేకపెట్టింది. తోక తిన్నగా లేనేలేదు. నడిమధ్యలో తెగిపోయింది! తెగిన ముక్క మెలితిరిగి దూరంగా కొట్టుకుపోతోంది, తల దగ్గర కొత్త తోక మొలకెత్తుతోంది. సూర్యుడి గాలి కొట్టిన దెబ్బ. ఏ లెక్కలోనూ లేదు, ఏ ఫలకం మీదా లేదు.

“నేను గీసింది తప్పు! అంతా తప్పు!” అని నవ్వింది. తన తప్పు బయటపడితే ఇంత సంతోషించిన మనిషిని మస్తాన్‌వలి ఎక్కడా చూడలేదు.

తెరను చౌడమ్మ ముఖం దగ్గర పెట్టారు. చాలాసేపు చూసింది. “తెగిపోయినా ఎట్ల పోతాందో సూడు! మళ్లీ ఇంకొకటి మొలిపిస్తాందే, గట్టిది!” అంది. ఆరో బొమ్మా ఏడో బొమ్మా అయ్యాయి. తోకచుక్క కొండకు వేలెడు దూరంలోకి వచ్చింది. ఇంకొక్క బొమ్మకే సమయం.

ఎనిమిదోదానికి మూత తీశాక చౌడమ్మ మెల్లగా అంది. “నాగరత్నా, పట్టీ తీసెయ్ తల్లీ.”

“తెల్లారినాక అంటివి కదమ్మా!”

“తెల్లారేదాకా ఉండి ఏం సూడాల? ఇంతకంటే మంచి పొద్దు దొరకదు నాకు. ఊరికే ఏడవొద్దు, మాటిచ్చినావు.”

“అవ్వా, వద్దవ్వా,” అంది తాయారు.

“నువ్వు తిప్పుతాండు. లెక్క తప్పొద్దు.”

నాగరత్న కట్టు విప్పింది. తాయారు ఏడుస్తూనే తిప్పుతోంది. పట్టీ పోయినా గుళికలో కాస్త మిగిలి ఉంటుంది. నాడి తట్టింది, టిక్. టిక్. ఇరవై రెండు తట్టాక ఆగిపోయింది. తాయారు చెయ్యి చక్రం మీదే బిగుసుకుంది. కొండమీద ఏ చప్పుడూ లేదు. నాగరత్న తల్లి పాదాల మీద తల పెట్టేసింది.

అప్పుడు తాయారు వేళ్ల కింద ఏదో కదిలింది. చిన్నగా. మళ్లీ లేదు. ఇంకొకటి, వెంటనే దాని మీదే మరొకటి. తర్వాత పెద్ద విరామం. ఏం చేస్తోందో తెలియకుండానే ఆమె చెయ్యి వాటి వెంట చక్రాన్ని తిప్పింది. టిక్. టిక్‌టిక్. టిక్. తోకచుక్క కొండ వెనక్కి జారేదాకా తిప్పుతూనే ఉంది.

“ఏమే,” అంది చౌడమ్మ కళ్లు తెరవకుండానే, “నేను పోయినానా?”

“లేదమ్మా!”

“మరి లోపల ఇదేందే, పొట్టేలు దూకినట్టు?”

మస్తాన్‌వలి వచ్చి రెండో చెయ్యి పట్టుకుని చూశాడు. ఎంతోమందిని సాగనంపిన మనిషికి ఇలాంటిది చూడటం ఇదే మొదలు. “అక్కా, ఇది గుళిక కాదు. ఇది నీదే!”

ముప్పై ఏళ్లుగా గుళిక చప్పుడు కింద అణిగిపోయిన ఆమె సొంత గుండె, కుంటుతూ, తడబడుతూ, తన తిప్పలు తాను పడుతోంది. గుళిక పెట్టినవాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు. వాళ్లలో ఎవరూ ఆపి చూడలేదు మరి. నాగరత్న తల్లి ఛాతీకి చెవి ఆనించి, ఏడుపూ నవ్వూ ఒకటై, తెల్లారేదాకా వింటూనే కూర్చుంది.

కర్నూలు తిరిగొచ్చాక తాయారు ఏడో బొమ్మను పట్టుబట్టి ఆకాశఫలకాలకెక్కించింది. తెగిన తోక చూసి జనం ఫలకం పాడైందని ఫిర్యాదులు పెట్టారు. పై అధికారి వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదోదాన్ని మాత్రం ఆమె ఎవరికీ చూపించలేదు. అందులో ఒక్క చుక్కా గుండ్రంగా లేదు. ప్రతిదీ అటూ ఇటూ వణికి, ఆగి, ముందుకు దూకి ఉంది. దాన్ని కాగితం మీద అచ్చువేయించి కొండకు పంపింది.

నెలన్నరకు జవాబొచ్చింది, మస్తాన్‌వలి చేతిరాతలో.

“చౌడమ్మక్క ఇక్కడే ఉండాది. గీత దాటి వస్తే గుళిక మళ్లీ పట్టుకుంటాదని రానంటాంది. ఇంకెన్ని దినాలో మాకు తెల్దు, ఆయమ్మకూ తెల్దు. కొన్ని దినాలు లేస్తాది, కొన్ని దినాలు పడుకోనే ఉంటాది. నీ పటం కొట్టంలో గోడకు తగిలించుకుంది. వచ్చినోళ్లందర్నీ పిలిచి ఆ వణికిన చుక్కల మీద వేలుపెట్టి చూపిస్తాంది. ఏ చుక్కలవ్వా ఇవి అని అడిగితే, చుక్కలు కాదబ్బా, ఇది నేను అంటాంది.”